అడ్జస్ట్ అవుతారా మేడం

నేను ఏలూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. ఏటా జూన్‌లో కొత్త పిల్లలు రాగానే అందరి చేతా ఒక మాట రాయిస్తాను: అడ్జస్ట్. సగం మంది అందులో డి మరిచిపోతారు. కొందరు జె బదులు జి పెడతారు. ఒకమ్మాయి జెడ్ కూడా పెట్టింది. "చెవికి వినపడకపోయినా డి ఉందమ్మా, రాయాల్సిందే" అని ప్రతి ఏడూ అదే పాట పాడి, తర్వాత ఆ మాటని వాక్యంలో వాడమంటాను. పుస్తకం ప్రకారం అయితే కుర్చీ ఎత్తు అడ్జస్ట్ చేస్తారు, బండి అద్దం అడ్జస్ట్ చేస్తారు, కళ్ళజోడు అడ్జస్ట్ చేసుకుంటారు. మా పిల్లల వాక్యాల్లో వస్తువులుండవు, మనుషులుంటారు. మా అక్క అత్తారింట్లో అడ్జస్ట్ అయింది. నేను హాస్టల్ సాంబారుకి అడ్జస్ట్ అవలేకపోతున్నాను. బస్సులో ఒక ముసలాయన మమ్మల్ని అడ్జస్ట్ అవమన్నాడు. వాటిని తప్పని కొట్టేయడానికి నాకు చెయ్యి రాదు.

అసలు ఆ మాట ఇంకా ఇంగ్లీషుదేనా అని నాకు అనుమానం. జాకెట్టు బిగుతయిందంటే టైలరు "లోపల గుడ్డ ఉందండీ, అడ్జస్ట్ చేసేస్తాను" అంటాడు. పెళ్ళి భోజనాల్లో కుర్చీలు చాలకపోతే అడ్జస్ట్. కూరలో ఉప్పు ఎక్కువైతే అడ్జస్ట్. కాలేజీలో ఒకరు సెలవు పెడితే వాళ్ళ క్లాసు ఇంకొకరి నెత్తిన పడుతుంది, దాని పేరే అడ్జస్ట్‌మెంటు. ఇక రైల్లో సరేసరి. ముగ్గురు కూర్చునే సీటు దగ్గరికి నాలుగో మనిషి వచ్చి "కొంచెం అడ్జస్ట్ అవుతారా అండీ" అంటే కాదనే మనిషి మా గోదావరి జిల్లాల్లో ఇంకా పుట్టలేదంటారు. నేను పుట్టాను. ఆ సంగతే చెబుతున్నాను.

మాది తాడేపల్లిగూడెం. మా అత్తవారిది ఉల్లిపాయల హోల్‌సేలు వ్యాపారం. ఎంత మంచి చీర కట్టుకుని బయల్దేరినా కాస్త ఉల్లి వాసన నా వెంట వస్తుంది. రోజూ నాతో ప్రయాణం చేసేవాళ్ళకి అది అలవాటైపోయింది. పొద్దున్న పాసింజరు గూడెం చేరేసరికి చాలామంది దిగిపోతారు కనుక కిటికీ పక్కన చోటు దొరుకుతుంది. నేను కూర్చుని, పక్క సీటులో నా భోజనం బ్యాగు పెడతాను. ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి అడ్జస్ట్ అవమంటే "మనిషి ఉన్నారండీ, వస్తున్నారు" అంటాను. నిజానికి ఆ మనిషి అప్పటికి ఇంకా రైలే ఎక్కి ఉండదు. ఉంగుటూరులో ఎక్కాలి.

ఆవిడ మా కాలేజీ లైబ్రేరియన్. వరి పండించే ఇంటి కోడలు. పొద్దున్నే లేచి, పొలం వెళ్ళేవాళ్ళకి వండిపెట్టి, చీర మార్చుకుని పరుగున స్టేషనుకి వస్తుంది. కోతల రోజుల్లో ఆవిడ జడలో ఒక గడ్డిపరకైనా ఉండేది. నేనే తీసేదాన్ని. ఇంకెవరైనా తీస్తే నాకు నచ్చేది కాదు. ఉంగుటూరు నుంచి ఏలూరు పవర్‌పేట స్టేషను దాకా మా నోళ్ళు మూతపడేవి కావు. మా అత్తగారి నియమాలు, వాళ్ళ మామగారి చాదస్తం, ప్రిన్సిపాల్ గారు జుట్టుకి కొత్తగా వేసుకున్న రంగు, అన్నీ అయ్యేవి. నాకు స్నేహితురాళ్ళు ఎక్కువ లేరు. ఎక్కువ ఏమిటి, ఆవిడ ఒక్కతే. పెళ్ళయి గూడెం వచ్చాక మిగతావాళ్ళంతా చుట్టరికం వల్ల నాకు వచ్చినవాళ్ళు. నా అంతట నేను సంపాదించుకున్న మనిషి ఆవిడే.

మధ్యాహ్నం లైబ్రరీ వెనక చిన్న గదిలో తినేవాళ్ళం. పాత పేపర్ల కట్టల మధ్య ఒక బల్ల, పక్కనే ఒక బెంచీ. ఇద్దరి బాక్సులూ మధ్యలో తెరిచి, నా పప్పులో ఆవిడ చెయ్యి, ఆవిడ పచ్చడిలో నా చెయ్యి. మా ఇంట్లో నీచు ముట్టం. వాళ్ళింట్లో తింటారని తెలుసు. కానీ ఆవిడ బాక్సులో ఎప్పుడూ బీరకాయో, ములక్కాడో, కందిపచ్చడో తప్ప ఇంకొకటి కనిపించేది కాదు. అంచేత ఆ ఆలోచనే నాకు రాలేదు. మా ఇంటి వంట ఆవిడకి అంత నచ్చిందని, నాతో పాటు అదే అలవాటైందని అనుకుని మురిసిపోయాను.

కిందటి జూన్‌లో మా కంప్యూటర్ ల్యాబుకి ఒక అమ్మాయి వచ్చింది. అత్తవారిది భీమడోలు, పుట్టిల్లు కొల్లేటికోట. మొదటిరోజు భీమడోలులో మా పెట్టె ఎక్కి, చుట్టూ చూసి, కాలేజీలో చూసిన మొహాలు కదా అని నేరుగా మా దగ్గరికే వచ్చింది. "మేడం, కొంచెం అడ్జస్ట్ అవుతారా?" అంది. మా ఆవిడ, లైబ్రేరియన్‌ని మనసులో నేనలాగే అనుకుంటాను, నవ్వుతూ అటు జరిగింది. నేను ఇటు జరగక తప్పలేదు. ఇద్దరి మధ్యా కాస్త చోటు ఏర్పడింది. ఆ పిల్ల సరిగ్గా అందులో కూర్చుంది.

ఆ మర్నాడూ అక్కడే. ఆ పై వారమూ అక్కడే. నేను గూడెంలో ఎక్కి, బ్యాగు అడ్డం పెట్టి, పదిమందికి జవాబు చెప్పి కాపాడిన చోటు అది. భీమడోలులో ఎక్కిన మనిషి వచ్చి మధ్యలో కూర్చోవడానికా?

పిల్లకి కబుర్లు కూడా తక్కువ కాదు. చిన్నప్పుడు వానాకాలంలో రోడ్డు మునిగిపోతే దోనెలో బడికి వెళ్ళడం, గుర్రపుడెక్కలో దోనె ఇరుక్కుంటే మాస్టారు కూడా దిగి తొయ్యడం, అరుగు మీద ఆరబెట్టిన చేపల్ని గూడబాతు ఎత్తుకుపోతే వాళ్ళ నాయనమ్మ చీపురు పట్టుకుని చెరువు గట్టు దాకా తరమడం. మా ఆవిడ కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వేది. నేను చెప్పినవాటికీ నవ్వేది, కాదనను. కానీ ఇలా కాదు. నా మాటలకి ఆవిడ పెదాలే నవ్వేవి. ఈ పిల్ల మాటలకి పొట్ట పట్టుకునేది. నేను కిటికీలోంచి పొలాలు చూస్తూ, చెరువులు చూస్తూ, నాకు ఆ కబుర్లతో పని లేనట్టు కూర్చునేదాన్ని. చెవులు మాత్రం ఇటే ఉండేవి.

ఒకటి మాత్రం మరీ కడుపు మండించింది. ఇన్నేళ్ళుగా మేమిద్దరం ఒకరినొకరం "మీరు" అనే అనుకుంటాం. మా వైపు మర్యాద అది, నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఆ పిల్లని మాత్రం ఆవిడ నెల తిరక్కుండానే "నువ్వు" అనేసింది. పిల్ల ఆవిడని "అక్కా" అంటుంది. నన్ను ఇప్పటికీ "మేడం" అనే అంటుంది. అక్కాచెల్లెళ్ళ పక్కన ఉల్లిపాయల వాసనేసే మేడం ఒకతె.

వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం, బాక్సులు తెరిచే వేళకి ఆ పిల్ల లైబ్రరీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "అక్కా, పుట్టింటి నుంచి బొమ్మిడాయి చేపలు వచ్చాయి. రాత్రే పులుసు పెట్టాను" అంది. మా ఆవిడ నా వంక చూసి, "మీరు కానివ్వండి, నేను ఇప్పుడే వచ్చేస్తాను" అని లేచింది. ల్యాబు వెనక వరండాలో కూర్చుని తిన్నారు ఇద్దరూ. ఆవిడ తిరిగి వచ్చేసరికి నా భోజనం అయిపోయింది. చేతులు సబ్బుతో బాగా కడుక్కుని వచ్చింది పాపం. అయినా వాసన తెలుస్తూనే ఉంది. "బావుందా?" అన్నాను. "బావుందండీ" అంది, అదేదో తప్పు చేసిన మనిషిలా. నాకు ఆ గొంతు మరీ నచ్చలేదు.

అక్కడి నుంచి వరండా భోజనాలు మొదలయ్యాయి. నేను లైబ్రరీ గదిలో ఒక్కదాన్నే కూర్చుని, పాత పేపర్లు చదువుకుంటూ తినడం. శనివారం మాత్రం ఆవిడ తన బాక్సు తెచ్చుకుని నాతో కూర్చునేది. వారానికి ఒకరోజైనా వెళ్ళకపోతే బావుండదని జాలిపడి వస్తోందని అనుకున్నాను. జాలి అయినా సరే, శనివారం కోసం ఎదురుచూసేదాన్ని. అదింకా సిగ్గుచేటు.

చలికాలంలో ఒక ఆదివారం ఫోను చూస్తుంటే ఆ పిల్ల వాట్సాప్ స్టేటస్ వచ్చింది. కొల్లేరు. దోనెలో మా ఆవిడ. చెప్పులు చేత్తో పట్టుకుని, ఎండకి కళ్ళు చికిలించి, నోరంతా తెరిచి నవ్వుతోంది. వెనకాల నీళ్ళ మీద పిట్టలు. తర్వాతి ఫొటోలో అరిటాకు ముందు కూర్చుంది. ఆకులో ఏముందో నేను పెద్దది చేసి చూడలేదు. చూశాను, అబద్ధం ఎందుకు. నేను ఎన్నిసార్లు పిలిచానో, ఒక్క ఆదివారం గూడెం రండి, మా ఇల్లు చూద్దురుగాని అని. "ఆదివారం అస్సలు కుదరదండీ, పనివాళ్ళుంటారు" అనేది. కొల్లేటికోటకి కుదిరింది. ఆ రోజు మా ఇంట్లో ఎవరు ఏమడిగినా కసిరాను. ఉల్లిపాయలు తరుగుతూ ఏడిస్తే ఎవరూ కారణం అడగరు, ఆ ఒక్క సుఖం ఉంది మా ఇంట్లో.

ఊరుకునే రకాన్ని కాను. వంటతోనే పోయింది కదా, వంటతోనే రాబట్టుకుందాం అనుకున్నాను. పనసపొట్టు తెప్పించి, ఆవ పెట్టి కూర చేశాను. గుత్తివంకాయ చేశాను. కందగడ్డ, బచ్చలికూర కలిపి పులుసు పెట్టాను. చీకటితోనే లేచి రుబ్బుతుంటే మా అత్తగారు "కాలేజీలో పిల్లలకి అన్నదానమా?" అని అడిగారు. రైల్లోనే మూత తీసి ఘుమఘుమలు చూపించేదాన్ని. ఆవిడ ఒక చెంచాడు చేతిలో వేయించుకుని, "అద్భుతం అండీ, మీ చెయ్యి తగలాలి దేనికైనా" అనేది. ఆ పిల్ల కూడా చెయ్యి చాపేది. మధ్యలో కూర్చుంది కదా, ముందు దానికే అందేది. మధ్యాహ్నం గంట కొట్టగానే అక్కాచెల్లెళ్ళు వరండాకి.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. ఇంత చదువుకున్నదాన్ని, అంతకంటే తెలివైనది ఏదీ తట్టలేదు. చేపే కదా వాళ్ళిద్దరినీ కలిపింది. ఆ చేప నేనే తెచ్చి పెడితే?

ఏ రోజు పెట్టాలి అన్నదాంట్లో నాకు సందేహమే లేదు. శనివారం ఎలాగూ నాతో తింటుంది. పొద్దున రైల్లో చెప్పాను, "ఇవాళ కూర నేను తెప్పిస్తున్నానండీ, మీరేం బాక్సు తెరవకండి" అని. పిల్ల వైపు తిరిగి, "నువ్వు కూడా రా అమ్మా" అన్నాను. ఆ పిల్ల కూడా చూడాలి కదా మరి.

భోజనానికి ముందు పీరియడు నాదే. లెక్కల మాస్టారిని బతిమాలి అడ్జస్ట్ చేయించుకుని, రెండు వీధుల అవతల ఉన్న కర్రీ పాయింటుకి వెళ్ళాను. పుట్టి బుద్ధెరిగి అటువంటి వరసలో నిలబడలేదు. గూడెం వాళ్ళెవరైనా చూస్తే మా ఇంటి పరువు ఏమవుతుందోనని కొంగు నిండుగా కప్పుకున్నాను.

"చేపల పులుసు ఇవ్వండి" అన్నాను.

"ఏ చేపండీ? బొచ్చె ఉంది, శీలావతి ఉంది."

"ఏది మంచిదైతే అదే."

"తలకాయ ముక్క వెయ్యమంటారా, నడుం ముక్కలే వెయ్యమంటారా అండీ?"

తలకాయ అనేసరికి చూపు గోడ మీదికి తిప్పుకున్నాను. "మీ ఇంట్లోవాళ్ళకైతే ఏం వేస్తారో అదే వెయ్యండి" అన్నాను. అతను నా బొట్టు వంకా, నా మొహం వంకా చూసి, కట్టి ఇచ్చాడు. ఆ కవరు దూరంగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి నడిచాను. దారిలో ఒక కుక్క వెంటపడింది. అప్పుడు కూడా నాకు హుషారుగానే ఉంది. ఆవిడ మొహంలో వెలుగు ఎలా ఉంటుందో, ఆ పిల్ల మొహం ఎలా మాడుతుందో ఊహించుకుంటూ వచ్చాను.

ఇద్దరూ గదిలో కూర్చుని ఉన్నారు. కవరు బల్ల మీద పెట్టి, ముడి నేనే విప్పాను. ముక్కు మూసుకోలేదు. అందుకు ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

"వేసుకోండి" అన్నాను.

ఆవిడ చెయ్యి కదలలేదు. మొహంలో వెలుగూ లేదు. పులుసు వంక, నా వంక చూసింది. ఆ పిల్లే మెల్లిగా అంది:

"మేడం, ఇవాళ శనివారం కదండీ. అక్క శనివారం నీచు తినరండి."

శనివారం నియమం చాలామందికి ఉంటుందని నాకు తెలియక కాదు. ఆవిడకి ఉందని తెలియదు. ఇన్నేళ్ళ స్నేహం, ఒకే సీటు, ఒకే బల్ల, వాళ్ళ మామగారి షుగరు మాత్రల పేర్లు కూడా చెప్పగలను. ఇది తెలియదు. జూన్‌లో వచ్చిన పిల్లకి తెలుసు.

"నాకెప్పుడూ చెప్పలేదేమండీ?" అన్నాను.

"చెప్పే అవసరం రాలేదండీ" అంది ఆవిడ. "మన కొత్తల్లో ఒకసారి బండిలో ఎవరో ఎండుచేపల సంచీ పెట్టారు, గుర్తుందా? మీరు పవర్‌పేట దాకా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే ఉన్నారు. ఆ రోజే మా ఇంట్లో చెప్పేశానండీ, నా బాక్సులోకి నీచు వద్దని."

"నన్ను ఒక మాట అడగొచ్చు కదా."

"అడిగితే మీరు సరే అంటారండీ. అన్నాక మీకు ముద్ద దిగదు."

"అయితే ఇన్నేళ్ళూ మీరు నా కోసం అడ్జస్ట్ అయ్యారన్నమాట."

"దానికి అంత పెద్ద మాట ఎందుకండీ? ఏదో పప్పూ పచ్చడీ తిన్నాను" అని, నా బాక్సు తన వైపు లాక్కుని మూత తీసింది.

ఆవిడకి వారానికి ఒక శనివారం. నాతో ఉన్నన్నాళ్ళూ మాత్రం రోజూ శనివారమే.

పులుసు వృథా పోకూడదని ఆ పిల్లే తింది. "చెరువు చేపండి, బానే ఉంది" అంది. నన్ను ఓదార్చడానికి అన్నదని తెలిసి ఇంకా ఒళ్ళు మండింది. మంచి పిల్ల. మంచిది కాకపోయి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. తిట్టుకోవడానికైనా పనికొచ్చేది.

ఆదివారమంతా ఆలోచించాను. సోమవారం రైల్లో ఇద్దరికీ చెప్పాను, "వరండాలో ఎందుకు ఎండలో? లైబ్రరీ గదిలోనే తినండి, కిటికీ తీస్తాను" అని. ఆవిడ వద్దండీ అంది. నేను వినలేదు. నాకు ఆ వాసన ఇష్టమై కాదు. కానీ వాసన లేని ఖాళీ గదిలో కూర్చుని చూశాను కదా, అది ఇంతకంటే ఘోరం.

మధ్యాహ్నం ఆ పిల్ల తన బాక్సు పట్టుకుని వచ్చింది. బెంచీ మీద అప్పటికే మేమిద్దరం ఉన్నాం. "మేడం, కొంచెం అడ్జస్ట్ అవుతారా?" అంది. జరిగాను. అయితే ఈసారి ఎడంగా కాదు, మా ఆవిడ వైపు జరిగాను. పిల్లకి చివర చోటు మిగిలింది. ఆ మాత్రం హక్కు నాకు ఉందనుకుంటాను.

బాక్సు తెరిచారు. ఏదో చేప, పేరు చెప్పారు, నేను పట్టించుకోలేదు. కిటికీ వైపు మొహం పెట్టి పెరుగన్నం కలుపుకుంటూ, ఓరకంట ఆవిడని చూశాను. నా పనసపొట్టు కూర ఆవిడ వేళ్ళ కొసలతో, మర్యాదగా తినేది. ఇప్పుడు అరచెయ్యంతా పులుసు. ముల్లు తీసి పక్కన పెడుతోంది, ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంటోంది, మాట్లాడటమే మరిచిపోయింది. చివరికి వేళ్ళు ఒక్కొక్కటే నాక్కుంది. ఇన్నేళ్ళలో ఆవిడ వేళ్ళు నాక్కోవడం నేను చూడలేదు.

ఆ పిల్ల మీద అసూయ అంతటితో పోతుందేమో అనుకున్నాను. పోలేదు సరికదా, ఆ చేప మీద కూడా పుట్టింది. కిటికీ ఇంకాస్త తెరిచి, నా పెరుగన్నం నేను తిన్నాను.